తెల్లవారితే పోయే బొమ్మ

డిష్‌లకు చలికాలపు చిక్కులు... నింద మాత్రం మంచు మీద

పాడేరు: చలికాలం వచ్చిందంటే మన్యం పల్లెల్లో చలిమంటలతోపాటు మరో దృశ్యం కూడా కళ్లబడుతుంది. తెల్లవారుజామున ఇంటాయన తలకు తువ్వాలు చుట్టుకుని పెరట్లో నిలబడి డిష్‌ను అటూ ఇటూ తిప్పుతుంటాడు. లోపలి నుంచి కొడుకు “రాలేదు నాన్నా... కొంచెం వచ్చింది... అయ్యో, మళ్లీ పోయింది” అని కేకలు వేస్తుంటాడు. చింతపల్లి, లంబసింగి, గూడెం కొత్తవీధి, పాడేరు, అరకు... ఏ దారిన వెళ్లినా డిసెంబరు, జనవరి నెలల్లో ఇదే తంతు.

తెర మీద బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. మాట తెగి తెగి వినిపిస్తుంది. ఆనక ‘సిగ్నల్ లేదు’ అన్న అక్షరాలే మిగులుతాయి. పది గంటల వేళ ఎండ ముదిరేసరికి ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మ దానంతటదే వస్తుంది. “మంచు పట్టింది, మంచు విడిచింది” అని జనం సరిపెట్టుకుంటారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో, ఎదుటి మనిషి కనిపించనంతగా మంచు కమ్మే ఊళ్లో, ఆ మాట కాదనడం కష్టమే. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. బయట ఉన్నవాడు కొర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. మనిషే బిగుసుకుపోయే చలిలో యంత్రం ఏపాటి అనిపించడం సహజం.

మెకానిక్‌కు కబురు పెడితే ఆయన చింతపల్లి నుంచో పాడేరు నుంచో ఘాట్ రోడ్డు మీద బండేసుకుని రావాలి. వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. అప్పటికి బొమ్మ అద్దంలా కనిపిస్తుంటుంది. బాగు చేయడానికి ఆయనకు ఏమీ దొరకదు. డిష్‌ను ఒకసారి ఊపి చూసి, “మంచు కదండీ, ఎండలు వస్తే సర్దుకుంటుంది” అని చెప్పి, పెట్రోలు ఖర్చూ కూలీ పుచ్చుకుని వెళ్లిపోతాడు. మర్నాడు తెల్లవారితే కథ మళ్లీ మొదటికే వస్తుంది. రెండోసారి పిలిస్తే కొత్త డిష్ వేయించుకోమంటారు. ఒక్క చలికాలంలో రెండు మూడు సార్లు ఇలా డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు కద్దు. ఆయననూ పూర్తిగా తప్పుపట్టలేం. లేని రోగానికి ఏ వైద్యుడు మాత్రం మందు వేస్తాడు?

ఇదంతా సీరియల్ పోయిందన్న బాధేనని తీసిపారేయడానికి లేదు. సెల్‌ఫోన్ సిగ్నల్ సరిగా అందని పల్లెలు మన్యంలో ఇంకా ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఇక్కడి కాఫీ తోటల్లో నీడచెట్లను ఎలా కూల్చిందో రైతులు మరచిపోలేదు. తుపాను కబురు ముందుగా ఇంటికి చేరే దారి కొన్ని ఊళ్లలో ఆ డిష్ ఒక్కటే. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి ఛానల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన సంగతీ తెలిసిందే.

మంచు ఎంత, చినుకు ఎంత?

దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఛానళ్లు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉంటుంది. అక్కడి నుంచి దిగే తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పొగమంచులో ఉండే నీటి తుంపర మిల్లీమీటరులో నూరో వంతు, రెండు వంతులు. అంత సన్నని తుంపర ఆ తరంగాన్ని చెప్పుకోదగినంతగా ఆపలేదు. పైగా మంచు పొర మందం కొన్ని వందల మీటర్లే. వాన చినుకు సంగతి వేరు. అది ఒకటి నుంచి అయిదు మిల్లీమీటర్లు ఉంటుంది కనుక జడివాన కురుస్తుంటే తరంగం బలహీనపడి బొమ్మ పోవడం మామూలే, వాన తగ్గితే వచ్చేస్తుంది. దానికి చేయగలిగిందీ పెద్దగా లేదు.

ఉపగ్రహం బొమ్మ తెలుగు పల్లెలకు కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించారు. మెదక్ వంటి జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. కోళ్లగూళ్లకు కట్టే ఇనుప వలతో చేసిన 3 మీటర్ల యాంటెన్నా పెట్టి, ఊరంతా ఒక్కచోట కూర్చుని చూసేవారు. అప్పటి తరంగం పొడవు 35 సెంటీమీటర్ల దాకా ఉండేది. అది వానకు లొంగేది కాదు. ఇప్పుడు తరంగం పొట్టిదయింది, డిష్ రెండడుగులకు దిగింది, ఇంటింటికీ వచ్చింది. దాంతోపాటే ఈ నాజూకుతనమూ వచ్చింది.

మరొక తేడా కూడా ఉంది. వెనకటి యాంటెన్నా టీవీలో సిగ్నల్ తగ్గితే తెరమీద చుక్కలు పడేవి, బొమ్మ మసకబారేది, అయినా ఎలాగో చూసేవారు. ఇప్పటి డిజిటల్ బొమ్మకు మసక అనేది లేదు. ఉంటే పూర్తిగా ఉంటుంది, ఒక గీత దాటి కిందికి పోతే గళ్లు పడి మాయమవుతుంది. డిష్ కొంచెం పక్కకు జరిగినా, పిన్ను కొంచెం తుప్పు పట్టినా మామూలు రోజుల్లో ఆ గీతకు పైనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. తెల్లవారుజామున తడి తోడయ్యేసరికి గీత కిందికి పడుతుంది. చలికాలంలో బయటపడే జబ్బు చాలా ఇళ్లలో వానకాలంలోనే పట్టిందన్న మాట.

ముందు అంకెలు చూడాలి

బొమ్మ పోయిన వెంటనే డిష్ మీద చేయి వేయడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. రిమోట్‌లో మెనూ నొక్కి ఇన్‌స్టలేషన్ లేదా సిగ్నల్ అన్నచోటికి వెళితే చాలా బాక్సుల్లో రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంగ్త్, రెండోది క్వాలిటీ. ముఖ్యమైనది క్వాలిటీయే. స్ట్రెంగ్త్ కూడా బొత్తిగా లేకపోతే అనుమానం కేబుల్ మీద, పిన్నుల మీద, డిష్ ముందు కడ్డీ చివర ఉండే చిన్న డబ్బా మీద పెట్టాలి. ఆ డబ్బానే మెకానిక్‌లు ఎల్‌ఎన్‌బీ అంటారు. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ పడిపోతే డిష్ గురి తప్పిందనో, ఎదుట చెట్టు అడ్డొచ్చిందనో అనుకోవచ్చు.

ఉదయం 6 గంటలకు ఒకసారి, 8కి, 10కి, మధ్యాహ్నం ఒకసారి ఈ అంకెలు చూసి రెండు రోజులపాటు క్యాలెండర్ మీద రాసి పెట్టుకుంటే చాలు. ఉదయం పడిపోయి ఎండెక్కాక లేచే అంకె అయితే ఎక్కడో నీరు చేరిందని అర్థం. రోజంతా ఒకేలా తక్కువగా ఉంటే గురి తప్పు. ఆ క్యాలెండర్ కాగితం మెకానిక్ చేతిలో పెడితే, మధ్యాహ్నం వచ్చినా ఆయనకు ఉదయం సంగతి తెలుస్తుంది.

ఇంకో ఉపాయం కూడా ఉంది. బొమ్మ బాగా వస్తున్న మధ్యాహ్నం వేళ ఒకరు టీవీ ముందు కూర్చుని అంకె చూస్తుండగా, మరొకరు చెంబుతో నీళ్లు తెచ్చి కేబుల్ అతుకుల మీద, ఆ తరువాత ఎల్‌ఎన్‌బీ మీద కొంచెం కొంచెంగా పోయాలి. నీళ్లు పడుతున్న క్షణంలో అంకె తగ్గినా ఫరవాలేదు. నీరు జారిపోయాక కూడా లేవకపోతే దొంగ దొరికినట్లే. మెకానిక్ ఉండగానే ఈ పని చేయిస్తే ‘మంచు కదండీ’ అనే మాటకు చోటుండదు.

చిలుము పట్టిన పిన్ను

ఎక్కువ ఇళ్లలో దొంగ ఉండేది ఎల్‌ఎన్‌బీకి కేబుల్ బిగించే చోటే. పిన్నులోంచి బయటికి వచ్చే రాగి తీగ తళతళలాడుతూ ఉండాలి. విప్పి చూస్తే పచ్చని చిలుము పట్టి ఉంటుంది, కొన్నిచోట్ల నీటిబొట్టు కూడా రాలుతుంది. సెట్‌టాప్ బాక్సు ఆ తీగ మీదుగానే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపుతుంది. ఆ కరెంటూ పైనుంచి వచ్చే సిగ్నలూ రెండూ ఈ ఒక్క తీగలోనే నడవాలి. తడి, చిలుము కలిస్తే రెండూ దెబ్బతింటాయి. కొన్ని ఛానళ్లు వచ్చి మరికొన్ని రాకపోవడానికి కూడా ఒక్కోసారి ఇదే కారణం.

పిన్ను విప్పేముందు బాక్సు ప్లగ్గు తీసేయాలి. లేకపోతే తీగ పిన్ను అంచుకు తగిలి షార్టయి బాక్సే పోవచ్చు. చిలుము పట్టిన మేర కేబుల్ కోసేసి, లోపలి తీగ మెరిసేదాకా వెనక్కి వెళ్లి, కొత్త పిన్ను వేయాలి. పిన్ను ఖర్చు రెండు టీల ఖర్చు. కేబుల్ పైపొర చిట్లి నీరు బాగా లోపలికి పాకి ఉంటే మాత్రం ముక్క కోస్తే లాభం లేదు, మొత్తం మార్చుకోవలసిందే. కొత్త పిన్ను బిగించాక దానిమీద నల్ల టేపు కింది నుంచి పైకి, పెంకులు కప్పినట్లు ఒక చుట్టు మీద మరో చుట్టు వచ్చేలా చుట్టాలి. పైనుంచి కిందికి చుడితే చుట్ల సందుల్లో నీరు నిలుస్తుంది. ఇంట్లోకి వెళ్లే చోట కేబుల్‌ను ఒకసారి కిందికి వేలాడేలా వంచి, ఆ తరువాత గోడలోకి పంపితే, కేబుల్ వెంట జారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఈ వంపు వదలడం తెలియక కేబుల్‌ను బిర్రుగా లాగి కట్టే ఇళ్లే ఎక్కువ.

తరువాతి అనుమానం ఎల్‌ఎన్‌బీ మూతి మీద ఉండే ప్లాస్టిక్ మూత. రెండు మూడు వేసవుల ఎండకు అది పెళుసెక్కి సన్నగా చిట్లుతుంది. రాత్రి మంచు లోపలికి చేరి నీరవుతుంది, ఎండకు ఆరుతుంది. పొద్దున పోయి పదింటికి వచ్చే బొమ్మకు ఇది రెండో కారణం. ఆ చిట్లును పైనుంచి ఎక్కడా కనిపించనివ్వదు, గోరుతో రాస్తే తెలుస్తుంది. మూత చిట్లితే ఎల్‌ఎన్‌బీనే మార్చుకోవాలి, డిష్ మార్చనక్కరలేదు. కందిరీగలు అక్కడ మట్టిగూడు కట్టడం కూడా కద్దు. గూడు తీసేముందు అందులో ఈగలున్నాయో లేదో చూసుకోవాలి.

గోరంత కదిలినా

డిష్ చూపు చాలా ఇరుకు. రెండడుగుల డిష్ అంచు అర సెంటీమీటరు జరిగితే గురి ఒక డిగ్రీ మారుతుంది. రెండు మూడు డిగ్రీలు మారితే బొమ్మే ఉండదు. తుపాను గాలికి, కోతి ఊగడానికి, రేకుల ఇంటి వాసానికి బిగించిన మేకు వదులు కావడానికి ఆ మాత్రం చాలు. అందుకే మొదట గొట్టం గట్టిగా నిలిచిందా, బోల్టులు వదులయ్యాయా చూసి, తరువాత గురి సరిచేయాలి. తిప్పేముందు ఇప్పుడున్న చోట సుద్దతో గీత గీసుకోవాలి. గీత లేకుండా తిప్పి ఉన్న బొమ్మ కూడా పోగొట్టుకున్నవారు ఎందరో.

ఫ్రీ డిష్‌కైతే ఈ జిల్లాలో దక్షిణానికి ముఖం పెట్టి నిలబడి, తూర్పు వైపుకు మూడోవంతు తిరిగితే దిక్కు దొరుకుతుంది. ఉపగ్రహం ఆకాశంలో చాలా ఎత్తున, సుమారు 66 డిగ్రీల మీద ఉంటుంది. ప్రైవేటు కంపెనీల ఉపగ్రహాలు వేరేచోట్ల ఉంటాయి కనుక పక్కింటివారి డిష్‌ను చూసి దీన్ని తిప్పితే కుదరదు. తిప్పిన ప్రతిసారీ ఆగి, బాక్సుకు రెండు మూడు సెకన్లు వ్యవధి ఇచ్చి అంకె చూడాలి. బొమ్మ వచ్చిందని అక్కడే ఆపకుండా, క్వాలిటీ అంకె ఇక పెరగదు అనే దాకా తిప్పి బిగించాలి. తడి రోజుకు నిలిచే బలం అప్పుడే వస్తుంది.

కాఫీ తోటల ఊళ్లలో సిల్వర్ ఓక్ చెట్లతో మరో తంటా. డిష్ వేసిన రోజున భుజమెత్తు మొక్క నాలుగైదేళ్లలో ఇంటిని మించిపోతుంది. ఫ్రీ డిష్‌కు లెక్క సులువు. డిష్‌కు ఎదుట 20 అడుగుల దూరంలో ఉన్న చెట్టు, డిష్‌కన్నా 45 అడుగులు ఎత్తు పెరిగితేగానీ అడ్డు రాదు. అంతకు దగ్గరైతే తక్కువ ఎత్తుకే అడ్డొస్తుంది. మంచుతో తడిసిన ఆకులు మరీ అడ్డు. చెట్టు కొట్టడం కన్నా డిష్‌ను నాలుగడుగులు పక్కకు జరపడం మేలు. మిరియం పాదు ఎక్కిన చెట్టును ఏ రైతూ ఎలాగూ కొట్టడు.

పైకి ఎక్కేవారికి ఒక మాట. మంచుకు పెంకులు, రేకులు పాచి పట్టినట్లు జారతాయి. తెల్లవారుజామున ఎక్కడం అసలే వద్దు, ఎండ వచ్చి కప్పు ఆరాక, కింద మరొకరిని నిచ్చెన పట్టుకోమని ఎక్కాలి. ఇంటికి వచ్చే కరెంటు తీగ డిష్ గొట్టానికి దగ్గరగా ఉంటే ఆ గొట్టాన్ని కదపకూడదు. ఇనుప గొట్టం తీగకు తగిలితే ప్రాణానికే ముప్పు. అక్కడ మాత్రం లైన్‌మన్‌ను పిలవాలి.

ఒక్క ఛానలే కనిపించక మిగిలినవన్నీ వస్తుంటే అది సిగ్నల్ పోవడం కాదు. ఆ ఛానల్ వేరేచోటికి మారి ఉంటుంది, బాక్సులో మళ్లీ స్కాన్ చేయించుకుంటే సరి. ప్రైవేటు కనెక్షన్ అయితే రీచార్జి గడువు చూసుకోవాలి. డిష్ అంతా విప్పాక డబ్బు కట్టలేదని తేలిన ఇళ్లూ లేకపోలేదు.

చలి తగ్గాక, మార్చి రెండో వారంలో కొన్నాళ్లపాటు ఉదయం పదకొండు దాటాక కొద్ది నిమిషాలు ఫ్రీ డిష్ బొమ్మ పోతుంది. సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట్లో కూడా అంతే. ఆ వేళకు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన వేడిమి తరంగాల్లో సిగ్నల్ మునిగిపోతుంది. అప్పుడు ఎవరినీ పిలవనక్కరలేదు, ఏదీ విప్పనక్కరలేదు. పావుగంటలో దానంతటదే వస్తుంది.