ఏడు కీర్తనలు, తంతివాద్యముతో

పాత ఇంగ్లీషు పాటలు వినేవారికి పాల్ సైమన్ పేరు తెలిసే ఉంటుంది. 1970లో వచ్చిన ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’ పాట రాసిన అమెరికన్ గాయకుడు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. 2023 మే నెలలో, 81 ఏళ్ల వయసులో, ‘సెవెన్ సామ్స్’ అనే ఆల్బమ్ విడుదల చేశారు. అంటే ‘ఏడు కీర్తనలు’. వినైల్ రికార్డుగా కూడా వచ్చింది.

2019 జనవరి 15న, నీవు ఏడు కీర్తనలు రాస్తున్నావని ఆయనకు కల వచ్చిందట. తర్వాత వారానికి రెండు మూడు సార్లు, తెల్లవారుజామున మూడున్నరకూ అయిదుకూ మధ్య మెలకువ వచ్చి, మాటలు వాటంతటవే వచ్చేవని ఆయనే చెప్పారు. 119వ కీర్తనలో భక్తుడు అర్ధరాత్రి లేచి స్తుతించిన సంగతి మనకు తెలుసు. ఈ పని సాగుతుండగానే సైమన్‌కు ఎడమ చెవి వినికిడి చాలావరకు పోయింది.

ఇందులో ముఖ్య వాద్యం గిటారు ఒక్కటే. మన బైబిల్లో 4వ, 6వ కీర్తనల పైన తంతివాద్యముల ప్రస్తావన ఉన్నది కదా, ఆ పద్ధతే. ఏడు భాగాలూ విరామం లేకుండా 33 నిమిషాలు సాగుతాయి. అయితే వినైల్ రికార్డుకు ఒక పక్కన సాధారణంగా ఇరవై నిమిషాల పైచిలుకే పడుతుంది. మధ్యలో లేచి తిప్పక తప్పదు. కీర్తనల గ్రంథంలో 71 చోట్ల వచ్చే ‘సెలా’ గుర్తుకొచ్చి మేము నవ్వుకున్నాం.

మొదటి కీర్తనలో ఆయన ప్రభువును కాపరి అనలేదు. కొవిడ్ వైరస్‌తోనూ, పొంగివచ్చే సముద్రంతోనూ పోల్చారు. ఇది మన సంఘాల్లో చాలామందికి మింగుడుపడదు. కానీ హోషేయ 5వ అధ్యాయం తీసి చూడండి, దేవుడు ఎఫ్రాయిముకు తాను చిమ్మట పురుగు వంటివాడనని చెబుతాడు. ఆ వాక్యం మీద ప్రసంగాలు అరుదుగా వింటాం. సైమన్ క్రైస్తవుడు కాడు, విశ్వాసంలో నిశ్చయత కూడా ప్రకటించలేదు. మేము దాన్ని దాచి చెప్పం. అయినా అడుగుతున్నది దేవుణ్ణే.

మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నది చివరి భాగం. దాని పేరు ‘వెయిట్’, అంటే ‘ఆగు’. ఇంకా సిద్ధంగా లేను, కాస్త ఆగమని మరణం ముందు వేడుకోవడం. 39వ కీర్తన చివర దావీదు అడిగినది దీనికి దూరం కాదు. తాను లేకుండా పోకముందు కొంచెం తెప్పరిల్లనిమ్మంటాడు. హిజ్కియా గోడవైపు తిరిగి ఏడ్చాడు, పదిహేనేళ్లు పొందాడు. మరి మనమో? మంచం పట్టిన పెద్దవారి దగ్గరికి వెళ్లి, “ప్రభువు దగ్గరికే కదా అమ్మా, భయమెందుకు?” అంటాం. ఆమె తలూపుతుంది. భయమేస్తోందన్న మాట గొంతులోనే ఉండిపోతుంది. అలాంటి ఇంట్లో 23వ కీర్తన చదివేముందు 39వది చదవడం మంచిదని మా అభిప్రాయం. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలి.

రికార్డు రెండో పక్క చివరికి వచ్చేసరికి ఆ వృద్ధుని గొంతుకు భార్య ఎడీ బ్రికెల్ గొంతు తోడవుతుంది. ‘ఆమేన్’ ఇద్దరూ కలిసి పాడతారు.