జీపు టైరు ఒక పక్కనే ఎందుకు అరుగుతుంది?

ఒకే రోజు కొన్న నాలుగు టైర్లు ఒకే బండి కింద, ఒకే దారిలో తిరుగుతాయి. అయినా ఏడాది తిరగకుండానే ముందు రెండింటి లోపలి అంచు నున్నబడిపోతుంది, బయటి అంచున గాడులు మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించిన జీపుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బండి పక్కన నిలబడి చూస్తే బయటి అంచే కంటికి ఆనుతుంది కనుక, లోపల ఉక్కు తీగలు బయటపడే దాకా యజమానికి సంగతి తెలియదు. అలాంటి టైరు వేగంలో పేలితే బండి అదుపు తప్పుతుంది. గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తు గల చిన్న దిమ్మలుంటాయి. ట్రెడ్ అరిగి వాటితో సమానమైతే టైరు మార్చవలసిందే. ఈ పరీక్ష లోపలి అంచున కూడా చెయ్యాలి.

సులువైన కారణం గాలి. ఇసుకలో కూరుకుపోకుండా గాలి తగ్గించి, తారురోడ్డు ఎక్కాక మళ్ళీ నింపడం మరిచిపోతే రెండు అంచులూ అరుగుతాయి. గాలి ఎక్కువైతే నడిమి భాగం అరుగుతుంది. ఒక్క అంచే అరిగిందంటే మాత్రం గాలిని వదిలి చక్రం కోణాలను అనుమానించాలి.

ఆ కోణాల్లో మొదటిది టో. కాలి వేళ్ళు లోపలికి తిప్పి నడిచే మనిషిని చూశారా? పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాలు అలా ఉంటే టో-ఇన్, దానికి విరుద్ధంగా ఉంటే టో-అవుట్. ఇది ఎంత నష్టం చేస్తుందో మీరే లెక్క వేయవచ్చు. టైరు వ్యాసం 700 మి.మీ. అనుకోండి. రెండు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కన్నా 7 మి.మీ. ఎక్కువ ఉంది. ఒక్కో చక్రం వాటా 3.5 మి.మీ. దాన్ని 700తో భాగిస్తే 0.005 వస్తుంది. అంటే ప్రతి కిలోమీటరుకు చక్రం 5 మీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది, బండి పోనివ్వదు. రబ్బరు సాగి కొంత సర్దుకున్నా మిగిలినదంతా రాపిడే. హైదరాబాదు నుంచి విజయవాడ చేరేసరికి ఆ పక్కదూరం కిలోమీటరు దాటుతుంది!

టో దోషాన్ని చేత్తో పట్టవచ్చు. బండి ఆపి, టైరు చల్లారాక అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా నడపండి. ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్ళలా గరుకుగా తగిలితే అది టో పనే. లోపలి నుంచి బయటికి రాసినప్పుడు గరుకు తగిలితే టో-ఇన్, బయటి నుంచి లోపలికైతే టో-అవుట్. పళ్ళు లేకుండా ఒక అంచు నున్నగా అరిగితే కేంబర్‌ను, అంటే నిలువు నుంచి చక్రం వాలిన కోణాన్ని, చూడాలి.

ఇక్కడే మార్పులు చేసిన బండి చిక్కు తెస్తుంది. హర్యానాలోని మండి డబ్వాలి జీపులకు కొత్త రూపాలివ్వడంలో పేరుపడ్డ ఊరు. (తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పిందన్నది వేరే సంగతి.) మహీంద్రా ఎంఎం 540 వంటి పాత జీపుల్లో రెండు ముందు చక్రాలూ ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి. కమాను కట్టలు మార్చి బాడీని ఎంత లేపినా ఆ ఇరుసు వాలదు, అందుచేత కేంబర్ మారదు. చక్రాలను కలిపే టై రాడ్ కూడా ఇరుసుతోపాటే ఉండిపోతుంది కనుక టో సైతం మారదు. అలాంటి జీపులో అంచు అరిగితే ఎత్తును నిందించడం అన్యాయం. రాయి తగిలి వంగిన టై రాడ్‌నో, సడలిన బేరింగులనో వెతకాలి. అంచు దాటి బయటికి పొడుచుకొచ్చే వెడల్పు చక్రాలు ఆ బేరింగుల మీద భారం పెంచుతాయి. జాకీ మీద చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది.

2010లో వచ్చిన థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా, టార్షన్ బార్ల ఆధారంతో ఊగుతాయి. ఆ బార్లు బిగించి ముందు భాగాన్ని లేపితే చక్రాన్ని పట్టుకున్న చేతులు కిందికి వాలి, కేంబరూ టో రెండూ మారిపోతాయి. ఎత్తు పెంచిన రోజే అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు ఆ లోపానికి బలవుతాయి. ఎత్తు మరీ పెరిగితే సర్దుబాటు బోల్టులకు ఆ కోణం అందదు. అప్పుడు కొంత కిందికి దించడమే మేలు.

ట్రెడ్ మీద అక్కడక్కడా గిన్నెల్లా గుంటలు పడితే చక్రం నేల మీద ఎగిరెగిరి పడుతోందన్నమాట. షాక్ అబ్జార్బర్లు బలహీనపడటమో, బ్యాలెన్సు తప్పడమో కారణం. బురదలో నడిచి వచ్చిన బండికి రిమ్ము లోపల ఎండిన మట్టిముద్ద కూడా బ్యాలెన్సు తప్పిస్తుంది, ముందు అది కడిగి చూడండి.

ఇంకో దోషం డ్రైవరుది. పాత జీపుల్లో ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి. ఇసుకలో ఆ తేడా జారుడులో పోతుంది. తారు మీద రబ్బరే అరగాలి, గేర్లూ నలగాలి. ముందు కొత్త టైర్లు, వెనుక 8 మి.మీ. అరిగినవి ఉన్నా ఇదే బాధ. వాటి చుట్టుకొలతలో తేడా 5 సెంటీమీటర్లు ఉంటుంది.

టైర్లు స్థానం మార్చే ముందు ఏ చక్రానికి ఏ అంచు ఎంత అరిగిందో కాగితం మీద రాసుకోండి. ముందుది వెనక్కు పోయాక అరుగుదల ఎక్కడ మొదలైందో మెకానిక్కుకు కూడా అంతుపట్టదు.