పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే: బ్రాంప్టన్‌లో మనకున్న దారులు

ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీలో కూర్చుని మనవాళ్ళకు ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను. ఈఐ, టాక్సు, వర్క్ పర్మిట్ రెన్యూవల్, ఎక్కువగా ఇవే. పోయిన చలికాలంలో ఒకరోజు, ఇళ్ళు శుభ్రం చేసే పనికి వెళ్ళే ఒక చెల్లెలు ఫారం పూర్తయినా లేవలేదు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, "అక్కా, ఊరినుంచి తెచ్చుకున్న ఛాయ మాత్రలు అయిపోవచ్చాయి. ఇక్కడ ఏ షాపులో దొరుకుతాయి?" అని అడిగింది.

ఎక్కడా దొరకవు. వారానికి ఒకటి వేసుకునే ఆ మాత్రను లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసింది. మన దగ్గర సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు కానీ కెనడాలో అమ్మరు. ఆ మాట చెప్పగానే ఆమె మొహం వాడిపోయింది. "అయితే ఇంక ఆపరేషనేనా?" అంది. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక్కతే పాప. ఇంకొకరు కావాలని ఉంది కానీ ఇప్పుడు కాదు, పీఆర్ వచ్చాక.

మాత్ర కాకపోతే ఆపరేషన్ అనుకోవడంలో ఆమె తప్పేం లేదు. మనం పెరిగింది అలాగే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. తెలంగాణలో 62 శాతం దాకా ఉన్నారు. మగవాళ్ళ ఆపరేషన్ తెలంగాణలో 2 శాతం, ఆంధ్రలో అర శాతం కూడా లేదు. మాత్రలు, లూపు, కండోము అన్నీ కలిపినా వేళ్ళమీద లెక్కపెట్టేంతే. ఇద్దరు పుట్టగానే అత్తగారో ఆశా వర్కరో "ఇక ఆపరేషన్ చేయించేసెయ్" అంటారు. అంతటితో అయిపోతుంది. వేరే దారి ఉందని చెప్పేవాళ్ళుండరు.

ఆపరేషన్ చెడ్డదని నేననడం లేదు. పిల్లలు చాలు అని గట్టిగా అనుకున్నవాళ్ళకు అది మంచి పద్ధతే. కానీ లెక్కకోసం గుంపుగా చేస్తే ఏమవుతుందో చూశాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. వాళ్ళలో నలుగురు చనిపోయారు. ఈ క్యాంపులు మూడేళ్ళలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఇక్కడ పరిస్థితి వేరు. డాక్టరు మీతో మాట్లాడి, మీరు ఒప్పుకుని సంతకం పెట్టాకే చేస్తారు. ఓహిప్ కింద ఉచితం. వద్దనుకుంటే చివరి నిమిషంలోనైనా వెనక్కి తగ్గవచ్చు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. ఊళ్ళో ఆపరేషన్ అయినవాళ్ళకు కూడా అరుదుగా, మొదటి ఏడాదిలో వెయ్యికి ఐదుగురికి, గర్భం రావచ్చు. నెల తప్పితే "నాకు ఆపరేషన్ అయిందిగా" అని ఊరుకోకుండా వెంటనే చూపించుకోండి. అలాంటి గర్భం ట్యూబులో నిలిచే ప్రమాదం ఉంటుంది.

ఇక మిగతా పద్ధతుల సంగతి. ఎవరైనా "ఏది మంచిది?" అని అడిగితే, నేను ముందు "నీ పని ఎలాంటిది?" అని తిరిగి అడుగుతాను. రోజూ ఒకే టైముకు తినే మనిషికి సరిపోయేది, వారం పగలు, వారం రాత్రి షిఫ్టు చేసే మనిషికి సరిపోదు.

రోజూ వేసుకునే మాత్రనే తీసుకోండి. తప్పకుండా వేసుకుంటే చాలా గట్టిది. కానీ మనుషులం కదా, మరచిపోతాం. అందుకే నిజజీవితంలో ఏడాదికి 100 మందిలో 7గురికి గర్భం వస్తుంది. ఇళ్ళలోనే ఉండి పెద్దవాళ్ళను చూసుకునే మనవాళ్ళు రాత్రి మూడుసార్లు లేస్తారు. వాళ్ళకు పొద్దున ఏదో రాత్రి ఏదో తెలియదు. బాలింతలకు ఇచ్చే ఒక రకం మాత్ర (నోరెతిన్‌డ్రోన్) మూడు గంటలు ఆలస్యమైనా పనిచేయకపోవచ్చు. మాత్రనే కావాలనుకుంటే ఫోన్లో అలారం పెట్టుకోండి, పని బ్యాగులో ఒక షీటు ఉంచుకోండి. బీపీ ఉన్నవాళ్ళు, కళ్ళముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు, 35 దాటి సిగరెట్ తాగేవాళ్ళు రెండు హార్మోన్లు కలిసిన మాత్ర వాడకూడదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు కార్బమజెపిన్ లాంటి మందులు వాడుతుంటే అది తప్పకుండా డాక్టరుకు చెప్పండి, అవి మాత్ర బలాన్ని తగ్గిస్తాయి.

ఇంజెక్షన్ మనకు కొత్తేమీ కాదు. ఇండియాలో సర్కారు ఇచ్చే 'అంతర', ఇక్కడి 'డెపో ప్రొవెరా' ఒకే మందు. మూడు నెలలకోసారి వేయించుకుంటే చాలు, రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు. మందు డబ్బా ఇంట్లో ఎవరి కంటా పడదు. ఈ ఒక్క కారణానికే అడిగే ఆడవాళ్ళున్నారు. కొందరికి నెలసరి గందరగోళంగా వస్తుంది, కొందరికి ఆగిపోతుంది. ఆగినా భయం లేదు. మానేశాక మళ్ళీ గర్భం నిలవడానికి తొమ్మిది, పది నెలలు పట్టవచ్చు. ఏళ్ళ తరబడి వాడితే ఎముకల బలం తగ్గుతుంది కాబట్టి డాక్టరుతో మధ్యమధ్యలో మాట్లాడాలి. వేయించుకోవాల్సిన తేదీ దాటనివ్వకండి. ఆ ఆలస్యం వల్లే 100కు 4గురు గర్భవతులవుతారు.

మనవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ భయపడేది లూపుకే. కడుపులోకి ఎక్కిపోతుందని, గుండెకు చేరుతుందని ఎవరో చెప్పిన మాటలు. అది గర్భసంచిలోనే ఉంటుంది. అరుదుగా జారి పడిపోవచ్చు, ఇంకా అరుదుగా పెట్టేటప్పుడు గర్భసంచికి గుచ్చుకోవచ్చు. అందుకే పెట్టాక ఒకసారి చూపించుకోవాలి. రెండు రకాలున్నాయి. కాపర్-టిలో హార్మోను ఉండదు, రకాన్ని బట్టి 3 నుంచి 10 ఏళ్ళు పనిచేస్తుంది. నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంది, నొప్పి కూడా ఉంటుంది. హార్మోన్ లూపు అయితే దానికి సరిగ్గా వ్యతిరేకం, రక్తం బాగా తగ్గుతుంది. రెండింటికీ ఏడాదికి 100 మందిలో ఒక్కరికి కూడా గర్భం రాదు. సైటు మీద పనిచేసే ఆడవాళ్ళకు ఈ తేడా చిన్నది కాదు. చలిలో నాలుగు జతల బట్టలమీద హార్నెస్ కట్టుకుని, ప్లాస్టిక్ టాయిలెట్ దాకా నడిచి ప్యాడ్ మార్చుకోవడం ఎలాంటిదో చేసినవాళ్ళకే తెలుసు. (సందర్భం వచ్చింది కాబట్టి: 20 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేస్తూ, కనీసం మూడు నెలలు సాగే సైటుల్లో ప్యాడ్లు కాంట్రాక్టరే పెట్టాలి. ఒంటారియోలో 2025 జూలై 1 నుంచి ఇది నిబంధన. అడగండి.)

ఒకవేళ మీ కాన్పు ఊళ్ళో సర్కారు ఆసుపత్రిలో అయి ఉంటే డిశ్చార్జి కాగితం ఒకసారి తీసి చూడండి. కాన్పు అయిన వెంటనే కాపర్-టి వేసే పద్ధతి అక్కడ ఉంది. ఆ సంగతి సరిగ్గా తెలియకుండానే విమానమెక్కినవాళ్ళు కూడా ఉన్నారు. కాగితం మీద 375 అని ఉంటే 5 ఏళ్ళు, 380ఎ అని ఉంటే 10 ఏళ్ళు. గడువు దాటితే తీయించుకోవాలి.

చేతి చర్మం కింద పెట్టే చిన్న పుల్ల కూడా ఇక్కడ దొరుకుతుంది. పేరు నెక్స్‌ప్లనాన్, 3 ఏళ్ళు ఉంటుంది. ఉన్నవాటిలో అతి గట్టిది ఇదే. కాకపోతే నెలసరి ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కండోము సంగతి అందరికీ తెలిసిందే. 100కు 13 మందికి తప్పుతుంది. కానీ రోగాలు అంటకుండా ఆపేది అదొక్కటే. "ఆయన చూసుకుంటారు" అని చెప్పే బయట వదిలే పద్ధతి 100కు 20 మందికి తప్పుతుంది. దాన్ని నేను పద్ధతి కింద లెక్కపెట్టను.

తప్పు జరిగిందనుకుంటే కంగారు పడొద్దు, ఆలస్యమూ చేయొద్దు. ఊళ్ళో ఐ-పిల్ అంటామే, అదే మందు ఇక్కడ ప్లాన్-బి. చీటీ లేకుండా ఫార్మసీలో ఇస్తారు. మూడు రోజుల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మేలు. బరువు 75 కిలోలు దాటితే దాని బలం తగ్గుతుంది. అప్పుడు ఐదు రోజుల్లోపు కాపర్-టి పెట్టించుకోవడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం.

ఇప్పుడు డబ్బు. బీకాం చదివిన బుద్ధి, లెక్క వేయకుండా ఉండలేను. ఓహిప్ డాక్టరు ఖర్చు భరిస్తుంది కానీ మందు, పరికరం ఖర్చు భరించదు. మాత్ర నెలకు 25 డాలర్లు అనుకుంటే ఐదేళ్ళకు 1,500. హార్మోన్ లూపు ఒకేసారి 500 దాకా అవుతుంది. అది ఐదేళ్ళుంటే నెలకు 8 డాలర్ల చిల్లర. కాపర్-టి ఇంకా చవక. ఒకేసారి 500 తీయడం మనలాంటివాళ్ళకు కష్టమని నాకు తెలుసు. 25 ఏళ్ళ లోపు ఉండి, ప్రైవేటు ఇన్సూరెన్సు లేనివాళ్ళకు ఓహిప్ ప్లస్ కింద మాత్ర, హార్మోన్ లూపు ఉచితం. బ్రిటిష్ కొలంబియాలో 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్ళకూ ఉచితంగా ఇస్తున్నారు. ఒంటారియోలో ఇది రాసే నాటికి ఆ భాగ్యం లేదు. యూనియన్ బెనిఫిట్లు ఉన్నవాళ్ళు ముందు ఆ కార్డు వాడండి. అయితే భర్త ప్లాన్ మీద మందు తీసుకుంటే ఆ వివరం ఆయనకు వచ్చే స్టేట్‌మెంటులో కనిపించవచ్చు. అది మీకు ఇబ్బంది అనిపిస్తే ముందే ఆలోచించుకోండి.

వర్క్ పర్మిట్ మీద ఉండి ఒంటారియో యజమాని దగ్గర ఫుల్‌టైమ్‌గా కనీసం 6 నెలల పని ఉన్నవాళ్ళకు ఓహిప్ వస్తుంది, భార్యాపిల్లలకు కూడా. ఒకప్పటి మూడు నెలల నిరీక్షణ 2020లో తీసేశారు. స్టూడెంట్లకు, కాగితాలు లేనివాళ్ళకు ఓహిప్ లేదు. వాళ్ళు పీల్ రీజియన్ హెల్తీ సెక్సువాలిటీ క్లినిక్కుకు వెళ్ళవచ్చు. అక్కడ హెల్త్ కార్డు అడగరు, మందులు తక్కువ ధరకు ఇస్తారు, విషయం బయటికి పోదు. ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోండి. ఎవరిని అడగాలో తోచకపోతే 811 కొట్టండి. ఏ వేళనైనా నర్సు పలుకుతుంది, అనువాదకులు కావాలని అడగవచ్చు. ఒక్క విన్నపం, అనువాదానికి యజమానురాలినో ఏజెన్సీ మనిషినో వెంట తీసుకెళ్ళకండి.

అన్నలకు, తమ్ముళ్ళకు ఒక మాట. పిల్లలు చాలు అనుకున్న ఇంట్లో ఆపరేషన్ ఆడదానికే ఎందుకు? ఆమెది పొట్ట కోసే ఆపరేషను, మత్తు ఇవ్వాలి. మీది అరగంట పని, ఆ చోట మాత్రమే మొద్దుబారేలా సూది వేస్తారు, ఓహిప్ ఉంటే డబ్బు కట్టక్కర్లేదు. కెనడాలో భార్యల ఆపరేషన్ల కంటే భర్తల ఆపరేషన్లే ఎక్కువ. మగతనం పోదు, బలం తగ్గదు, వీర్యం కూడా వస్తుంది, అందులో బీజకణాలు మాత్రమే ఉండవు. ఎమర్జెన్సీ రోజుల్లో బలవంతంగా చేసిన ఆపరేషన్ల భయం మన నాన్నల తరం నుంచి మనకూ అంటుకుంది. ఆ భయానికి కారణముంది, కాదనను. ఇప్పుడు మాత్రం మిమ్మల్ని ఎవరూ లాక్కెళ్ళడం లేదు కదా.

కాంక్రీటు, డ్రైవాల్ పని చేసేవాళ్ళు జాగ్రత్తగా ప్లాన్ చేసుకోవాలి. ఒక వారం బరువులు ఎత్తకూడదు. సైటులో పని తగ్గే జనవరి, ఫిబ్రవరిలో, శుక్రవారం పెట్టించుకుంటే శనాదివారాలు కలిసొస్తాయి. ఆ తరువాత కొన్ని రోజులు తేలిక పని ఇమ్మని ఫోర్‌మన్‌ను అడగండి, ఏ ఆపరేషనో చెప్పక్కర్లేదు. చట్టంలో ఏడాదికి 3 రోజుల జీతం లేని సిక్ లీవు ఉంది, కానీ ముందే అనుకుని చేయించుకునే వాసెక్టమీ దాని కిందికి వస్తుందని ధీమా పడకండి. తరువాత వాపో చీమో వస్తే అప్పుడు ఆ సెలవు మీ హక్కు. 2024 అక్టోబరు 28 నుంచి ఆ 3 రోజులకు డాక్టరు చీటీ తెమ్మని యజమాని అడగకూడదు. మూడు నెలల తరువాత వీర్య పరీక్షలో "లేవు" అని వచ్చేదాకా కండోము మానొద్దు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు.

యజమాని విషయానికొస్తే, మీరు ఏ పద్ధతి వాడుతున్నారో, గర్భం ఎప్పుడు తెచ్చుకుంటారో అడిగే హక్కు ఎవరికీ లేదు. మన దగ్గరికి వచ్చిన ఒకామెకు పనిలో చేరేటప్పుడే "రెండేళ్ళు పిల్లల మాట ఎత్తను" అని రాయించుకున్నారు. ఆ కాగితానికి విలువ లేదు. గర్భవతి అని పని తీసేయడం ఒంటారియో మానవ హక్కుల కోడ్ ప్రకారం వివక్ష. ప్రసవం తేదీకి కనీసం 13 వారాల ముందు పనిలో చేరి ఉంటే 17 వారాల ప్రసూతి సెలవు మీది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. 600 గంటల పని ఉంటే ఈఐ నుంచి 15 వారాల ప్రసూతి డబ్బు వస్తుంది. 9తో మొదలయ్యే సిన్ నంబరున్నా అర్హులే. ఒకే యజమానికి కట్టిపడేసిన పర్మిట్ మీద వేధింపు ఎదురైతే ఓపెన్ వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టే దారి 2019 నుంచి ఉంది. బ్రాంప్టన్‌లో నార్త్ పీల్ అండ్ డఫరిన్ కమ్యూనిటీ లీగల్ సర్వీసెస్ వాళ్ళు ఇలాంటివాటికి ఉచిత సలహా ఇస్తారు. కార్మిక శాఖ నంబరు 1-800-531-5551.

ఆ చెల్లెలు రెండు వారాల తరువాత మళ్ళీ వచ్చింది. కాపర్-టి పెట్టించుకుందట. పీఆర్ వచ్చాక తీయించేసుకుంటానంది. క్లినిక్కులో ఇచ్చిన చీటీని ఫోన్లో ఫోటో తీసి, ఆ తేదీ మార్చిపోకుండా క్యాలెండర్లో పెట్టించాను. వెళ్ళబోతూ ఆగి, "అక్కా, మా ఆయన ఫ్రెండు వాళ్ళావిడకు కూడా కనుక్కోవాలట. ఆదివారం తీసుకురానా?" అంది. రమ్మన్నాను.