విమానం ఎక్కేముందు తెలియాల్సిన లెక్కలు



ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని మనం ఈ హాస్టల్ గేటు దాటిన మొదటి రోజు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఏ గంట దేనికి కొడతారో, గుడ్డు ఏ రోజు పెడతారో, కాస్మెటిక్ ఛార్జీలు ఎప్పుడు ఇస్తారో, నీళ్ళు ఏ వేళకు వస్తాయో ఆ రోజు మనకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, పై తరగతి అన్నలూ అక్కలూ. ఈ వ్యాసం కూడా అలాంటిదే. మన హాస్టల్ పిల్లలు కొందరు ఎం.ఎస్. కోసం అమెరికా, బ్రిటన్ పోతున్నారు. కొందరు ఉద్యోగాల మీద కువైట్, దుబాయ్, సౌదీ పోతున్నారు. ఉన్నవాళ్ళ ఇళ్ళలో అయితే అక్కడ ఇదివరకే ఒక బాబాయో మేనమామో ఉంటాడు, అన్నీ ఫోనులో చెబుతాడు. మన ఇళ్ళలో చాలామందికి ఊరు దాటి అంత దూరం పోయే మొదటి మనిషి మనమే. మన హాలు గోడ మీద పటంలో ఉన్న అంబేడ్కర్ గారు 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు ఆయనకూ ముందు వెళ్ళి దారి చెప్పిన బంధువు ఎవరూ లేరు. అందుకని మాలో కొందరం డబ్బు పోగొట్టుకుని, తిట్లు తిని నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాం.

మన దగ్గర ఒక్కో వస్తువుకు ఒక్కో కొలత. గుంటూరు యార్డులో మిరపకాయల ధర క్వింటాకు చెబుతారు, సరుకు మాత్రం టిక్కీల్లో దిగుతుంది. పొలం ఎకరాలు, సెంట్లు. ఇంటిస్థలం గజాలు. మల్లెపూలు మూర. బంగారం కాసు, తులం. నాయనమ్మలు ఇప్పటికీ బియ్యాన్ని సోల, మానిక అంటారు. వీటిలో ఏదీ మనల్ని తికమక పెట్టదు, ఎందుకంటే దేనికి ఏ కొలతో పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. మన దేశంలో రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. కిలోలు, లీటర్లు 1956 నాటి చట్టంతో ఆ వెంటనే మొదలయ్యాయి. అమెరికా కూడా 1975లో మెట్రిక్ పద్ధతికి చట్టం చేసింది గానీ, ఇష్టమైన వాళ్ళు మారవచ్చు అని వదిలేసింది. ఎవరూ మారలేదు. అందుకని అక్కడ నేటికీ బరువు పౌన్లు, దూరం మైళ్ళు, పాలూ పెట్రోలూ గ్యాలన్లు, వేడి ఫారెన్‌హీట్.

కిలోకు 2.2 పౌన్లు. విమానంలో ఒక్కో పెట్టెకు 23 కిలోలు అంటే అది వాళ్ళ 50 పౌన్లు. కారం, గోంగూర పచ్చడి, కందిపొడి కట్టించేటప్పుడు ఈ అంకె మీకే అవసరం పడుతుంది. మైలు 1.6 కిలోమీటర్లు. రోడ్డు పక్క బోర్డు మీద 65 అని ఉంటే అది మన లెక్కలో గంటకు 105 కిలోమీటర్లు. గ్యాలను 3.8 లీటర్లు. సరిహద్దు దాటి కెనడాలోకి పోతే మళ్ళీ కిలోమీటర్లే. ఇవి చిన్న లెక్కలని తేలిగ్గా తీసుకోవద్దు. 1983 జులై 23న ఎయిర్ కెనడా విమానం ఒకటి దారిలో గాలిలోనే ఇంధనం అయిపోయి, ఇంజన్లు రెండూ ఆగిపోయి, గిమ్లీ అనే చోట పాత విమానాశ్రయం మీద దిగింది. 22,300 కిలోల ఇంధనం ఉండాల్సిన చోట లెక్క పౌన్లలో పడి సగం కంటే తక్కువే పోశారు. లోపల 69 మంది ఉన్నారు. పైలట్ నేర్పు వల్ల అందరూ బతికారు. చదువుకున్న ఇంజనీర్లే అంకె పక్కన ఏముందో చూడకపోతే అంత పని జరిగింది.

పత్తి రైతుల పిల్లలకు ఒక మాట. న్యూయార్క్ మార్కెట్‌లో దూది ధర పౌనుకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. ఈ సెంటు మన పొలం సెంటు కాదు, డాలరులో నూరో వంతు. పౌను 80 సెంట్లు ఉంటే కిలో 1.76 డాలర్లు అన్నమాట. మన యార్డులో క్వింటా ధర గింజతో ఉన్న పత్తికి. అక్కడి ధర గింజ తీసిన దూదికి. క్వింటా పత్తిలో దూది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ వస్తుంది. బేలు కూడా ఒకటి కాదు, మనది 170 కిలోలు, వాళ్ళది 480 పౌన్లు, అంటే దాదాపు 218 కిలోలు. ఇవన్నీ చూసుకోకుండా "అమెరికా రైతుకు ఇంత వస్తోంది" అని నాన్నకు ఫోనులో చెబితే ఇంట్లో అనవసరంగా గొడవ. ఎకరం మాత్రం అక్కడా మన ఎకరమే, 4,840 చదరపు గజాలు.

ఇక జ్వరం సంగతి. మనకు ఒక వింత అలవాటు ఉంది. ఎండను సెల్సియస్‌లో, జ్వరాన్ని ఫారెన్‌హీట్‌లో చెబుతాం. రెంటచింతలలో 45 డిగ్రీలు అంటాం, పిల్లవాడికి 102 అంటాం. అమెరికాలో రెండూ ఫారెన్‌హీటే, అక్కడి టీవీలో మే నెలలో 80 అంటే హాయిగా ఉన్నట్టు. బ్రిటన్‌లో రెండూ సెల్సియసే. అక్కడ థర్మామీటరు 39 చూపిస్తే మనవాడు "నలభై కూడా లేదు, పర్వాలేదు" అనుకుని పడుకోకూడదు, అది 102కు పైమాటే. ఒళ్ళు మామూలుగా ఉంటే 37, లేదా 98.6. చక్కెర వ్యాధి ఉన్న అమ్మానాన్నలను చూడటానికి పిలిపించుకున్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన ల్యాబు కాగితంలో 180 అని వచ్చే చక్కెర బ్రిటన్ ల్యాబులో 10 అని వస్తుంది. వాళ్ళ అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె.

మందుల షాపులో పారాసెటమాల్ అంటే అమెరికాలో చాలామందికి అర్థం కాదు. అదే మందును అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో దొరుకుతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న మాత్ర ఒకటి, అక్కడ కొన్న మాత్ర ఒకటి, రెండూ వేరు వేరు అనుకుని కలిపి వేసుకుంటే మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బ తింటుంది. జలుబు మందుల్లో కూడా ఇది కలిసి ఉంటుంది, డబ్బా మీద చదవండి. గల్ఫ్ పోయేవారు అయితే మందుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర మామూలుగా ఇచ్చే కొన్ని దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు యు.ఏ.ఇ.లో ముందు అనుమతి లేకుండా తీసుకుపోవడం నేరం. అంతకంటే ముఖ్యం, గసగసాలు. మన మాంసం మసాలాలో వేసేవే. యు.ఏ.ఇ., సౌదీ, సింగపూర్ దేశాల్లో వాటిని మత్తు పదార్థాల కింద లెక్కగడతారు. అమ్మ ప్రేమగా మసాలా పొడి కొట్టి ఇస్తుంది, ఆమెకు తెలియదు. పెట్టె సర్దేటప్పుడు మీరే అడగాలి.

కరెంటు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గల్ఫ్‌లో వోల్టులు మనకు దగ్గరగానే ఉంటాయి, ప్లగ్గు మాత్రం ఇంగ్లీషు వాళ్ళ పలక పిన్నులది. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్, రెండు బల్లపరుపు పిన్నులు. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. పది డాలర్లు పెట్టి కొనే అడాప్టరు ప్లగ్గు కన్నాన్ని మారుస్తుంది, వోల్టులను మార్చదు. మన 750 వాట్ల మిక్సీ అక్కడ పెడితే కాలిపోదు గానీ, పప్పు కూడా నలగకుండా మూలుగుతుంది. దానికి వోల్టులు పెంచే ట్రాన్స్‌ఫార్మరు కావాలి, అది మిక్సీ కంటే బరువు. వెట్ గ్రైండరుకు ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా 60 హెర్ట్జ్ వల్ల వేగంగా తిరుగుతుంది. అక్కడి మిక్సీ అక్కడే కొనుక్కోవడం మేలు. ప్రెషర్ కుక్కరు మాత్రం తప్పక తీసుకుపోండి, దానికి ఏ కరెంటూ అక్కర్లేదు. సెల్‌ఫోను, లాప్‌టాప్ ఛార్జర్ల మీద చిన్న అక్షరాల్లో 100-240 అని ఉంటుంది. అలా ఉంటే ఎక్కడైనా పెట్టవచ్చు. వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. మాలో ఒకరు మూడేళ్ళ తర్వాత ఒంగోలు వస్తూ అమ్మ కోసం అక్కడి రైస్ కుక్కరు తెచ్చారు. 120 వోల్టుల వస్తువు 230లో పెట్టిన నిమిషంలో వంటిల్లంతా పొగ. అమ్మ ఆ రోజు కట్టెల పొయ్యి మీదే వండింది, నవ్వుతూనే.

తేదీల దగ్గర మేము ఎక్కువ నష్టపోయాం. మనం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. మాలో ఒకరికి చదువు మొదలయ్యే ముందు ఉత్తరం వచ్చింది, 05/06 లోపు గది అడ్వాన్సు కట్టమని. ఆయన జూన్ 5 అనుకుని, ఇంట్లో అప్పు పుట్టే దాకా నిదానంగా ఉన్నాడు. అసలు తేదీ మే 6. గది వేరేవాళ్ళకు పోయింది. మొదటి నెల ఇద్దరు స్నేహితుల ఇళ్ళలో నేల మీద పడుకున్నాడు. ఇప్పుడు ఆయన చెక్కు మీద అయినా, సంతకం పక్కన అయినా నెల పేరును అక్షరాల్లోనే రాస్తాడు. అంకెల్లో ఒకటి 12 దాటితే ఏది రోజో తెలిసిపోతుంది, దాటకపోతే అడగాల్సిందే, అడగటంలో నామోషీ లేదు.

డబ్బు అంకెలు కూడా అంతే. మన లక్ష 1,00,000. వాళ్ళది 100,000. జర్మనీ వంటి చోట్ల కామా, చుక్క తారుమారవుతాయి, 1.250,00 అంటే పన్నెండు వందల యాభై. కువైట్, బహ్రెయిన్ దినారుకు, ఒమన్ రియాలుకు నూరు కాదు వెయ్యి భాగాలు. అందుకని కువైట్ కొట్లో 2.500 అని ఉంటే రెండున్నర దినార్లు. వస్తువు మీద ఎం.ఆర్.పి. అనేది అమెరికాలో ఉండదు. చీటీ మీద 10 డాలర్లు ఉన్నా బిల్లు దగ్గర అమ్మకం పన్ను కలుస్తుంది, పన్ను 8.25 శాతం ఉన్న ఊళ్ళో అది 10.83 అవుతుంది. లెక్కపెట్టుకుని చిల్లర పట్టుకుపోతే కౌంటర్ దగ్గర తల దించుకోవాల్సి వస్తుంది. దుబాయ్‌లో బంగారం కొనేవారికి: మన తులం 10 గ్రాములు, అక్కడి తోలా 11.66 గ్రాములు.

పేరు కూడా ఒక కొలతే అనుకోండి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలే తర్వాత బ్యాంకుకూ లైసెన్సుకూ ఎక్కుతాయి. యు.ఏ.ఇ. కూడా ఒంటిపేరు పాస్‌పోర్టుల మీద సందర్శక వీసాలకు 2022 నవంబరులో ఆంక్షలు పెట్టింది. పాస్‌పోర్టుకు పెట్టేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయండి. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో మీకు తెలుసు. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, డిగ్రీ మూడింటిలో ఒకేలా ఉందో లేదో ఇప్పుడే, ఇక్కడ ఉండగానే చూసుకోండి. పుట్టినతేదీ సంగతి సరేసరి. మనలో చాలామందికి అది వేసింది బడిలో చేర్చుకున్న పంతులుగారే. అమ్మ చెప్పే తిథి ఏదైనా, ఇక జీవితాంతం ఆ తేదీనే రాయాలి.

రోడ్డు దాటేటప్పుడు మనం మొదట కుడివైపు చూస్తాం, బండ్లు అటు నుంచి వస్తాయి గనుక. అమెరికాలో, గల్ఫ్‌లో బండ్లు కుడి పక్క నడుస్తాయి, మొదట ఎడమవైపు చూడాలి. బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్ మనలాగే. ఈ అలవాటు మారడానికి నెలలు పడుతుంది, తొలి రోజుల్లో రెండు వైపులా చూడండి. అమెరికాలో చాలాచోట్ల ఎర్రలైటు ఉన్నా కుడికి తిరిగే కార్లను ఆపరు. ఆపదలో అక్కడ 911, బ్రిటన్‌లో 999, యు.ఏ.ఇ.లో పోలీసుకు 999, అంబులెన్సుకు 998. చిరునామాలో ఫస్ట్ ఫ్లోర్ అని ఉంటే అమెరికాలో అది నేల అంతస్తే, మెట్లెక్కి వెతకొద్దు. స్విచ్చి మనకు కిందికి నొక్కితే వెలుగుతుంది, వాళ్ళకు పైకి.

చివరగా గడియారం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. వీటికి ఏడాదంతా మార్పు లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. అందువల్ల వేసవిలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండు అయితే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. హాస్టల్‌కు ఫోను చేసే పూర్వ విద్యార్థులు నవంబరు నుంచి ఒక గంట ముందే చేయండి. లైట్లు ఆర్పేశాక వార్డెన్ గారు ఫోను ఎత్తరు.