కాయని బోడకాకర తీగను పీకేయకండి

వానాకాలంలో హైదరాబాద్ మార్కెట్లో బోడకాకర ధర కోడికూరతో పోటీ పడుతుంది. ఆంధ్రవైపు ఆకాకర అనేదీ దీన్నే. అయినా ఇబ్రహీంపట్నం చెలకల్లో దీన్ని పెట్టమంటే చాలామంది వెనకాడతారు. వాళ్లు చెప్పే కారణాల్లో సగం వినికిడి మాటలే.

అపోహ: ఇది అడవి తీగ, గుట్టల్లోనే కాస్తుంది.

వాస్తవం: ఎర్ర చెలకలో పందిరేస్తే హాయిగా కాస్తుంది. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం సాగు కోసం 'ఇందిరా కంకోడ-1' అనే రకాన్నే విడుదల చేసింది. నీరు నిలిస్తే మాత్రం గడ్డ కుళ్లుతుంది కాబట్టి చెరువు కింది తరి పొలాల్లో పెట్టొద్దు.

అపోహ: చలికాలంలో తీగ ఎండితే ఇక చచ్చినట్టే.

వాస్తవం: ఎండేది పైతీగే. నేలలో గడ్డ బతికే ఉండి తొలకరికి మళ్లీ మొలకెత్తుతుంది. వేసవి దుక్కిలో నాగలి తగలకుండా అక్కడ ఒక కర్ర పాతండి.

అపోహ: పూలు పూసి కాయని తీగ గొడ్డుది, దండగ.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. బోడకాకరలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. మగది ఎన్నటికీ కాయదు, కానీ అది లేకపోతే పక్కనున్న ఆడ తీగలూ కాయవు. ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక మగ తీగైనా ఉండాలి. ఆడ పువ్వు కింద బుల్లి ముళ్ల పిందె కనిపిస్తుంది. మగ పువ్వును దొప్పలాంటి చిన్న ఆకు పట్టుకుని ఉంటుంది. పూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి. కాత పలచగా ఉంటే అప్పుడే మగ పువ్వు కోసి, దాని పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దాలి. గింజ నాటితే సరిగా మొలవదు, మొలిచినా మగదో ఆడదో పూత దాకా తెలియదు. అందుకే ఆడ, మగ గుర్తుపెట్టుకుని తీసిన గడ్డలే నాటాలి. ఆ గడ్డలు సాగుచేసే రైతు దగ్గర కొనండి. గుట్టల మీద తవ్వితే ఆ తీగ అక్కడితో సరి.

అపోహ: అడవిలో పెరిగిందంటే మందే, హాని ఉండదు.

వాస్తవం: బోడకాకర మంచి కూర, అంతే. దాన్ని నమ్మి షుగర్ మాత్రలు మానొద్దు. ఇక అడవి ఉల్లి చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డే, కానీ అందులో గుండెను దెబ్బతీసే విషముంది. ఎవరెన్ని చెప్పినా దాన్ని వంటింట్లోకి రానివ్వకండి.