డ్రైవర్ దొరికిందా.. దారి దొరికినట్టే!

అటక మీది పాత సిస్టమ్ దించారు. దుమ్ము దులిపారు. ఫార్మాట్ చేసి విండోస్ ఎక్స్‌పీ ఎక్కించారు. ఆన్ అయితే అయింది గానీ ఐకాన్లు అరచేయంత కనిపిస్తున్నాయి. రంగులు వెలిసిపోయాయి. వీడియో పెడితే ముక్కలు ముక్కలుగా కదులుతోంది. షాపులో అడిగితే ‘కార్డు పోయింది, పారేయండి’ అన్నారు. ఆగండి! కార్డు బాగానే ఉండి, దానికి సరిపడే డ్రైవర్ లేకపోయినా ఇలాగే ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడం నేర్చుకుంటే ఆ పాత పెట్టే మీ రెజ్యూమెలో అసలైన ప్రాజెక్టు అవుతుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కంప్యూటర్ కొత్తేమీ కాదు. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో, మదనపల్లెలో మిట్స్ 1998లో మొదలయ్యాయి. 2002లో హెచ్‌పీ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ ప్రాజెక్టు చేపట్టింది. ఆ కాలపు పెంటియం సిస్టమ్ మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో మూలన పడి ఉంటే, ల్యాప్‌టాప్ కొనలేని విద్యార్థికి అదే ల్యాబ్.

ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నకే తడబడతారు: ‘మీరు స్వయంగా కనిపెట్టి, సరిచేసిన సమస్య ఒకటి చెప్పండి.’ దీనికి నిజాయతీగా జవాబు చెప్పాలంటే ఒక సమస్యతో నిజంగా కుస్తీ పట్టి ఉండాలి.

తప్పు ఎక్కడుందో ముందు తేల్చండి

సిస్టమ్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, బయోస్ స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు, చారలు కనిపిస్తున్నాయా? అప్పటికి డ్రైవర్ లోడ్ కాదు కాబట్టి తప్పు హార్డ్‌వేర్‌ది. కార్డు తీసి, బంగారు రంగు కాంటాక్టులను రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. బోర్డు మీద, కార్డు మీద కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడండి. 2000వ దశకం తొలినాళ్ల బోర్డుల్లో ఇది పేరుమోసిన జబ్బు. బయోస్ శుభ్రంగా కనిపించి, విండోస్‌లోకి వెళ్లాకే తేడా వస్తుంటే మాత్రం మొదటి అనుమానం డ్రైవర్ మీదే.

పేరు కాదు.. ఐడీ చూడండి

పుంగనూరులో ఒక డిగ్రీ విద్యార్థి, మదనపల్లెలో చదివే సీనియర్‌కు ఫోన్ చేశాడనుకుందాం.

‘‘అన్నా, లేటెస్ట్ డ్రైవర్ ఎక్కిస్తా ఉంటే సరిపడే హార్డ్‌వేర్ లేదని వస్తా ఉంది.’’

‘‘డబ్బా మీద పేరు వదిలెయ్ రా. డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీ చదువు.’’

ఇదే కీలకం. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న వీడియో కంట్రోలర్ ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్ చూడండి. ‘వెన్’ పక్కన ఉండేది తయారీదారు కోడ్. 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏటీఐ (ఇప్పటి ఏఎండీ), 8086 అంటే ఇంటెల్. ‘డెవ్’ పక్కన ఉండేది చిప్ కోడ్. ఎన్విడియాలో 0171 కనిపిస్తే అది జీఫోర్స్4 ఎంఎక్స్ 440. డ్రైవర్ ప్యాకేజీలోని ఐఎన్‌ఎఫ్ ఫైల్‌లో ఇలాంటి కోడ్‌ల జాబితా ఉంటుంది. అందులో మీ కోడ్ లేకపోతే ఇన్‌స్టాలర్ ముందుకు కదలదు.

పేరు ఎందుకు నమ్మకూడదంటే.. 2002లో వచ్చిన జీఫోర్స్4 ఎంఎక్స్‌లో, 2001 నాటి జీఫోర్స్3లో ఉన్న ప్రోగ్రామబుల్ షేడర్లు లేవు. నంబరు పెద్దది, సత్తా చిన్నది!

మూడూ కలవాలి

కార్డు, ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్ వెర్షన్.. ఈ మూడింటికీ పొత్తు కుదరాలి. పాత కార్డుకు కొత్త డ్రైవర్ మేలు చేయదు, ఎందుకంటే కంపెనీలు పాత చిప్‌లను ఒక్కొక్కటిగా జాబితా నుంచి తీసేస్తాయి. జీఫోర్స్4 ఎంఎక్స్‌కు ఎక్స్‌పీలో 2006 నాటి 93.71 వెర్షన్ పనిచేస్తుంది. విండోస్ 98 అయితే 2005 నాటి 81.98 వరకే వెళ్లాలి.

2007లో విస్టాతో డిస్‌ప్లే డ్రైవర్ల నిర్మాణమే మారింది. పాత తరహా డ్రైవర్లను విండోస్ 8 అసలు తీసుకోదు. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో పనికిరాదు. లైనక్స్ ఎక్కిస్తే ఎన్విడియా పాత కార్డులకు ‘నువో’, ఏటీఐ కార్డులకు ‘రేడియాన్’ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లను ప్రయత్నించవచ్చు.

వరస తప్పొద్దు

* సేఫ్ మోడ్‌లో పాత డిస్‌ప్లే డ్రైవర్‌ను పూర్తిగా తీసేయండి.
* ముందు మదర్‌బోర్డు చిప్‌సెట్ డ్రైవర్, తర్వాత డైరెక్ట్‌ఎక్స్, చివర గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించండి. వయా చిప్‌సెట్ ఉన్న ఏజీపీ బోర్డుల్లో మొదటిది మరిస్తే సిస్టమ్ ఆటల మధ్యలో హ్యాంగ్ అవుతుంది.
* ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రీస్టార్ట్ చేసి ఫలితం నోట్‌బుక్‌లో రాయండి.
* ఎర్రర్ కోడ్ చదవండి. 28 అంటే డ్రైవర్ లేదు. 43 అంటే పరికరమే సమస్య చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకాన్ని విండోస్ నిర్ధారించుకోలేకపోయింది.
* ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఆ సిస్టమ్‌ను నెట్‌కు కలపకండి. డ్రైవర్‌ను వేరే కంప్యూటర్‌లో దించి, స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ‘అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

కార్డు నిజంగానే పోయి, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో పాతది కొనాల్సివస్తే స్లాట్ చూసుకోండి. ఏజీపీలో 3.3 వోల్టుల కార్డులు, 1.5 వోల్టుల కార్డులు వేరు. గాడి కుదరకపోతే బలవంతంగా దూర్చవద్దు, బోర్డే కాలిపోవచ్చు.

ఇంటర్వ్యూలో ఇలా చెప్పండి

‘పాత పీసీ రిపేర్ చేశాను’ అంటే ఎవరూ పట్టించుకోరు. నోట్‌బుక్ తెరిచి నాలుగు ముక్కల్లో చెప్పండి: లక్షణం ఏమిటి, ఏయే కారణాలు అనుమానించారు, ఒక్కొక్కటీ ఎలా కొట్టేశారు, చివరికి ఏది నిలిచింది. విఫలమైన ప్రయత్నాలనూ దాచకండి. మీరు ఆలోచించే తీరు వాటిలోనే కనిపిస్తుంది.

డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ టెక్నీషియన్, సిస్టమ్ అడ్మిన్ కొలువుల్లో రోజూ చేసే పని ఇదే. సర్టిఫికెట్ కూడా కావాలనుకుంటే ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడ్, నీలిట్‌లో హార్డ్‌వేర్ కోర్సులు ఉన్నాయి. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ సంస్థలకు బెంగళూరులో కేంద్రాలున్నాయి. ఒక్క కార్డు బాగుచేస్తే అక్కడ డ్రైవర్ ఇంజినీర్ ఉద్యోగం రాదు. దానికి సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద పట్టు కావాలి. అయితే నువో డ్రైవర్ కోడ్ లైనక్స్ కెర్నెల్‌లో అందరికీ తెరిచే ఉంది. మీ చేతిలోని కార్డును కదిలించే కోడ్‌ను చదవడంతోనే ఆ ప్రయాణం మొదలుపెట్టవచ్చు.

ఈ ఆదివారం అటక ఎక్కండి. స్క్రూడ్రైవర్‌తో పాటు ఒక నోట్‌బుక్ కూడా పక్కన పెట్టుకోండి!