చక్రం విలువ పుల్లల బిగువులో

కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో రీప్యాక్ అనే కొండదారి ఒకటుంది. 1976లో కొందరు కుర్రాళ్లు పాతకాలపు బరువైన సైకిళ్ల మీద ఆ దారిలో దిగుడు పందేలు మొదలుపెట్టారు. పెడల్ వెనక్కి తొక్కితే వెనక హబ్బు లోపలే బ్రేకు పడే సైకిళ్లవి. కొండ దిగేసరికి హబ్బు కాలిపోయి, గ్రీజు పొగై పోయేది. దాన్ని విప్పి మళ్లీ గ్రీజు కూరాలి. ఆ కూరే పనికున్న ఇంగ్లిష్ మాటే దారికి పేరైంది. మౌంటెన్ బైక్ పుట్టిల్లే అలాంటిదైనప్పుడు, దాని చక్రాన్ని గ్రాముల్లో తూచి కొనడం నాకు వింతగా తోస్తుంది. అడగాల్సిన మొదటి ప్రశ్న, పాడైతే బాగవుతుందా అని. అలా అడిగితే, అందుబాటు ధరలో దొరికే అల్యూమినియం అల్లాయ్ చక్రమే చాలామందికి సరిపోతుంది.

ధర తక్కువంటే సరుకు నాసిరకమేమోనన్న అనుమానం సహజమే. రిమ్ తయారీ చూస్తే అది కొంత తగ్గుతుంది. అల్యూమినియంలో కాస్త మెగ్నీషియం, సిలికాన్ కలిపిన 6061 లాంటి మిశ్రలోహాన్ని వేడిచేసి, జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు అచ్చులోంచి నెడతారు. రెండు గోడల మధ్య బోలుగా ఉండే పట్టీ బయటికొస్తుంది. దాన్ని గుండ్రంగా వంచి, కొసలు అతుకుతారు. ఖరీదైన కార్బన్ రిమ్‌లోనైతే కార్బన్ నారను పొరపొరా చేత్తో పేర్చాలి కాబట్టి కూలి పెరుగుతుంది. ధరల తేడాలో పెద్ద భాగం అదే.

అసలు బలం రిమ్ ఒక్కదానిదే కాదు. ఎడ్లబండి చక్రంలో బరువును కింది ఆకులు నిలబడి మోస్తాయి. సైకిలు పుల్ల అలా నిలబడలేదు, సన్నటి తీగ, నొక్కితే వంగిపోతుంది. అందుకే పుల్లలన్నిటినీ ముందే, ఒక్కోటి సుమారు 100 కిలోల బలంతో లాగి బిగిస్తారు. నేలను తాకినచోట పుల్ల బిగువు కాస్త తగ్గుతుంది, పైకొచ్చేసరికి మళ్లీ పెరుగుతుంది. 29 అంగుళాల చక్రానికి కిలోమీటరుకు 400 సార్లకు పైగా ఇదే తంతు. మొదటే వదులుగా ఉన్న పుల్ల ఈ సాగుడుకి మెడ దగ్గర అలిసి తెగుతుంది. చవక చక్రాలు నెలకే బెండు పోతాయన్న ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. కానీ చాలాసార్లు తప్పు లోహానిది కాదు, బిగువు అన్ని పుల్లలకూ సమానంగా కుదరకపోవడమే కారణం. కొన్న కొత్తలోనే పనితెలిసిన మెకానిక్‌తో బెండు తీయించి, పుల్లలు సరిచేయిస్తే ఆ ఖర్చు దండగ కాదు.

కార్బన్ తేలిక కదా అంటారు. లెక్క వేద్దాం. ఒక్కో రిమ్‌లో 100 గ్రాములు తగ్గితే మొత్తం 200 గ్రాములు. అంచున తిరిగే బరువు కాబట్టి వేగం పుంజుకునేటప్పుడు రెట్టింపు, అంటే 400 గ్రాములుగా లెక్కకొస్తుంది. మనిషీ సైకిలూ కలిసి 80 కిలోలైతే అది అర శాతం. పందెంలో సెకన్ల కోసం పోరాడేవాడికి అది విలువైనదే, కాదనను. రాయి తగిలితే అల్యూమినియం సొట్టపోతుంది, కార్బన్ బిగువుగా నిలుస్తుంది అన్నది ఇంకో వాదన. నిజమే, కానీ ఆ నిలకడకీ హద్దుంది, అది దాటితే కార్బన్ పగులుతుంది. చిన్న సొట్టను శ్రావణంతో సరిచేసి ఇంటికి చేరవచ్చు. జీవితకాల వారంటీ ఉందిగా అంటే, కొత్త రిమ్ వచ్చేదాకా సైకిలు గోడకు ఆనుకునే ఉంటుంది.

మిగిల్చిన డబ్బు హబ్బు మీద పెట్టడం మేలు. విడి గోళీల హబ్బైతే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, కోన్ సరిగా బిగించాలి. సీల్డ్ బేరింగ్ రకంలో అరిగిన బేరింగ్ తీసి, దానిమీది నంబరు చూసి, అదే కొలతది వేస్తే చాలు. బురద లోపలికి రానివ్వని రబ్బరు సీలు ఉందా అన్నది, ఫ్రీవీల్ ఎంత చిన్న తిప్పుకి పట్టు అందుకుంటుందన్న డిగ్రీల గొప్పకన్నా ముఖ్యం. ఇక కొనేముందు ఫ్రేము కొలత చూడాలి. పాత సైకిళ్లలో వెనక హబ్బు వెడల్పు 135 మిల్లీమీటర్లు, బూస్ట్ అనే కొత్త పద్ధతిలో 148. ఒకదానికి చేసిన చక్రం రెండోదాంట్లో కూర్చోదు.